పేరు చెప్పవద్దన్న మీకు కృతజ్ఞతలు

యువతకు కళలు నేర్పే కార్యక్రమాలు సమాజాభివృద్ధికి ఎలా తోడ్పడతాయో అధ్యయనం చేస్తున్న విద్యార్థిని నేను. నా ప్రశ్నలన్నిటికీ ఓపికగా సమాధానాలు రాసి, పేరు మాత్రం బయటపెట్టవద్దని కోరిన మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

సాంస్కృతిక, కళా జీవితంలో పాల్గొనడం ప్రతి బిడ్డ హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. వికలాంగులకు తమ సృజనశక్తిని పెంపొందించుకునే అవకాశం కల్పించాలని 2006లో ఆమోదించిన మరో ఒడంబడిక 30వ అధికరణం అంటోంది. ఇవి నేను చదివినవే. కానీ ఆ హక్కు తరగతి గది గుమ్మం దగ్గరే ఎలా ఆగిపోతుందో మీ ఉత్తరం చదివాకే తెలిసింది.

చక్రాల కుర్చీ తిరిగేందుకు బల్లల మధ్య చోటు వదలాలని, సంజ్ఞా భాషలో వివరించేవారి వెనక కిటికీ ఉంటే వారి ముఖమూ చేతులూ సరిగా కనిపించవు కాబట్టి వారిని వెలుతురుకు ఎదురుగా నిలబెట్టాలని, బొమ్మ గీతల వెంబడి జిగురు పోసి ఆరనిస్తే చూపులేని పిల్లలు వేళ్లతో తడిమి ఆకారాన్ని గుర్తుపట్టగలరని మీరు ఎంతో శ్రద్ధగా వివరించారు. రుసుము లేకపోయినా, ఇంటికి బస్సు దొరకని వేళ పెట్టిన తరగతికి పిల్లలు రాలేరన్న మాట నాకు అన్నిటికన్నా విలువైనది.

నాటకానికి ఏ విషయం తీసుకోవాలో పిల్లలే తేల్చుకోవాలన్న మీ సూచన ప్రకారం నా ప్రణాళికను తిరగరాశాను. ఆ ప్రతిని మీకు పంపుతున్నాను. వీలు చూసుకుని చదవగలరని మనవి.