ఈసీజీ కాగితం వెనక ఒక్క ముక్క రాయండి

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందురోజు రాత్రి హుక్కులు కుడుతుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. వేళ్లు తిమ్మిరెక్కి సూది జారిపోయింది. ఊపిరాడలేదు. ప్రాణం పోతోందనుకున్నాను. మావారు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ, రక్తపరీక్ష చేసి, "ఏమీ లేదమ్మా, అన్నీ నార్మల్. టెన్షన్ పడకండి" అని పంపేశారు.

తర్వాత ఆరు నెలల్లో ఇంకో నాలుగుసార్లు అలాగే వచ్చింది. అత్తయ్య దిష్టి తీశారు. "తీరిక ఎక్కువైతే లేనిపోని ఆలోచనలు వస్తాయి వదినా" అంది ఆడపడుచు. ఆ వ్రతం వారం నా బల్ల మీద 38 జాకెట్లున్నాయి. ఆలోచించుకునే తీరిక నాకెక్కడిది?

చివరికి నా దగ్గర కుట్టించుకునే నర్సమ్మ ఒకావిడ పట్టుబట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి పంపింది. తెలిసినవాళ్లు చూస్తారేమోనని తలమీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. ఇది పానిక్ ఎటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం అన్నారాయన. భయంలో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందట, వేళ్ల తిమ్మిరి అందుకేనట. నా వేళ్ల సంగతి అలా విడమరచి చెప్పినవాళ్లు అంతకుముందు లేరు. అక్కడే ఏడ్చేశాను.

మందులంటే అందరూ బెదరగొట్టారు, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలవని. రోజూ వేసుకోమని ఆయన రాసిన మాత్ర మత్తుమందులా అలవాటయ్యేది కాదట. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మనంతట మనం ఉన్నపళంగా మానకూడదు, అంతే. అలవాటుపడే ప్రమాదం ఉన్నది, నిద్ర పట్టడంలేదని అంతకుముందు నేను మందుల షాపులో అడిగి తెచ్చుకున్న అల్‌ప్రజోలం బిళ్లలతోనట! వాటి గురించి మాత్రం ఇంట్లో ఎవరూ భయపడలేదు.

గుండె దడ, ఛాతీ నొప్పి వస్తే ముందు ఈసీజీ తీయించుకోవాల్సిందే, అందులో సందేహం లేదు. నా బాధల్లా ఆ తర్వాత మాట గురించే. గుండె బాగుందంటే బాధ లేదని కాదు కదా. 2022 నుంచి ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, ఫోన్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆ రాత్రి నాకది తెలియదు. డాక్టర్లు రిపోర్టు నార్మల్ అని చెప్పి పంపేటప్పుడు కాగితం వెనక ఆ అయిదు అంకెలు రాసివ్వాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి