క్రీడల శాఖ మంత్రి గారికి: మా స్టాపర్ మాస్టారిని కోచ్‌గా తీసుకోండి

అయ్యా,

కావలిలో రోజూ తెల్లారేసరికి ఒక కాలేజీ గ్రౌండ్‌కు వచ్చి మా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే మాస్టారి గురించి ఈ లేఖ. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ టీమ్‌లో స్టాపర్‌గా, అంటే గోల్ ముందు నిలబడి ఎదుటి జట్టు దాడిని ఆపే డిఫెండర్‌గా ఆడి, మోకాలు దెబ్బతిని మానేశారు. జీతం లేదు. బంతులు కూడా సొంత డబ్బుతోనే కొంటారు. కోచ్ పోస్టుకు దరఖాస్తు పెడితే, కోచింగ్ సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపారు.

మా అబ్బాయి మొదట్లో ఎదుటివాడి కాళ్ల మీదికి దూకేసేవాడు. ఆ ఎదుటివాడు బంతిని పక్కకు తప్పించుకుని వెళ్లిపోయేవాడు. "దూకొద్దురా, బంతిని చూడు. కాస్త పక్కకు తిరిగి నిలబడి వాణ్ని గ్రౌండ్ పక్క గీత వైపు తోలు. మనవాళ్లు వెనక్కి వచ్చేదాకా ఆపితే చాలు" అని మాస్టారు ఓపిగ్గా చెప్పేవారు. గోల్ పడితే ఎవరినీ తిట్టరు. అందరినీ మళ్లీ అవే చోట్ల నిలబెట్టి, ఖాళీ ఎక్కడ వదిలేశారో నడిచి చూపిస్తారు. ఏళ్ల తరబడి వెనక నిలబడి గ్రౌండ్ మొత్తం చూసిన మనిషికే ఆ కన్ను ఉంటుందని నా నమ్మకం.

హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ గారినే చూడండి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్సీలో భారత్ కాంస్యం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మళ్లీ పతకం రాలేదు. కోచ్‌గా 1990లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ అనే మూడు పెద్ద టోర్నీలూ గెలిపించారు. జాతీయ జట్టుకూ కోచింగ్ ఇచ్చారు, కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు.

2023 చివర్లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ 'ఆడుదాం ఆంధ్రా' పోటీల్లో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఉన్నాయి. ఫుట్‌బాల్ లేదు. అది మా పిల్లలకు చాలా బాధ కలిగించింది.

పిల్లల్ని అప్పజెప్పే మనిషికి సర్టిఫికెట్ ఉండాలనడం సబబే. కానీ జీతం లేని మనిషి ఫీజు కట్టి, ఎక్కడికో వెళ్లి కోర్సు చేసి రాలేడు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వారి డి లైసెన్స్ అనే తొలి మెట్టు కోచింగ్ సర్టిఫికెట్ కోర్సు పెట్టించండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని పాత ఆటగాళ్లను పిలిచి, ఫీజు శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) నుంచి కట్టించండి. పాసైనవాళ్లకు నెలనెలా గౌరవ వేతనం ఇప్పించండి. మాస్టారి దరఖాస్తును ఈసారి తల్లిదండ్రులమంతా సంతకాలు చేసి మీ పేషీకే పంపుతున్నాం. దయచేసి చూడండి.

ఇట్లు,
కావలి నుంచి ఒక ఫుట్‌బాల్ పిల్లాడి తండ్రి