భాగ్యరెడ్డి వర్మను ఒక్క మాటతో సరిపెట్టకండి

భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులకు, నమస్కారాలు.

హైదరాబాదులో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ పేరిట వేయించే ఏ శిలాఫలకం మీదైనా ‘సంఘ సంస్కర్త’ అని మాత్రమే చెక్కిస్తే ఆయన రాజకీయం మాయమైపోతుంది. ‘వర్మ’ బిరుదు హిందూ సంస్కరణ సంస్థ అయిన ఆర్యసమాజం ఇచ్చింది. దాన్నే పట్టుకుని ఆయన్ని హిందూ సంస్కరణవాదిగా చెప్పేవాళ్లున్నారు. కానీ 1917 బెజవాడ సభ అధ్యక్షుడిగా అంటరానివారిగా చూసిన కులాలకు తగిలించిన ‘పంచమ’ పేరును తోసిపుచ్చి, ఈ నేల తొలి వాసులు అనే అర్థంలో ‘ఆది ఆంధ్ర’ అనిపించింది ఆయనే. 1931 జనగణనలో ఆది హిందువులను, అంటే నిజాం రాజ్యంలోని దళితులను, విడిగా లెక్కించాలని పట్టుబట్టిందీ ఆయనే. సంస్కరణను ఉంచి రాజకీయాన్ని కొట్టేయడం అన్యాయం. రెండూ సంవత్సరాలతో సహా రాయించండి.

ఆయన పనిచేసింది నిజాం నగరంలో, కాబట్టి ఉర్దూ పాఠం కూడా ఉండాలి. రంగు అక్షరాలు ఎండకు వెలిసిపోతాయి. గ్రానైటులో లోతుగా చెక్కించండి. అంతకన్నా ముందు చిత్తుప్రతిని ప్రజల ముందు పెట్టండి, రాతి మీద పడిన తప్పును దిద్దడం కష్టం.

— నగర చరిత్ర అధ్యయనకారులు, హైదరాబాద్