బట్టీ వద్దు, పీపా చాలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, ఇంట్లోనే ధాన్యంతో విస్కీ కాచి చిన్న పీపాలో మాగబెట్టుకునే హాబీ గురించి ఒక వ్యాసం వేశారు. బెంగళూరులో ఒక డిస్టిలరీ ల్యాబ్‌లో ముప్పై మూడేళ్లు కెమిస్టుగా పనిచేసి రిటైరైనదాన్ని. అందుకని ఇష్టంగా రెండుసార్లు చదివాను. కానీ అందులోని రెండు మాటలు నన్ను బాగా కలవరపెట్టాయి. చిన్న రాగి బట్టీ కొనుక్కుంటే అపార్ట్‌మెంట్ వంటగదిలోనే చేసుకోవచ్చు అన్నది ఒకటి. మొదట కారే యాభై మిల్లీలీటర్లు పారబోస్తే విషం పోయినట్టే అన్నది రెండోది.

నాలుగు రోజులు తిరక్కుండానే మారతహళ్లి నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, పేపర్లో వచ్చింది చదివావా? నేను ఇప్పటికే అయిదు లీటర్ల రాగి పాత్ర ఆర్డర్ పెట్టేశాను" అన్నాడు. వాడు సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు, మూడో అంతస్తులో అద్దెకుంటాడు. బుద్ధిమంతుడు, ఏది మొదలుపెట్టినా లోతుగా చదువుతాడు. అలాంటివాడే ఆ రెండు మాటలూ నమ్మాడంటే ఇంకెంతమంది నమ్మారో అని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. కర్ణాటక ఎక్సైజు చట్టం 1965 నాటిది. లైసెన్సు లేకుండా స్పిరిట్, అంటే బట్టీలో కాచి దించే ఘాటు మద్యం, కాయడం దాని ప్రకారం నేరం. కాయడానికని బట్టీ దగ్గర పెట్టుకున్నా నేరమే. అమ్మడానికి కాదు, సొంతానికే అన్నా ఒప్పుకోరు. మా వాడు చూసే వీడియోలు చాలావరకు న్యూజిలాండ్ వాళ్లవి. అక్కడ 1996 నుంచి సొంతానికి కాచుకోవచ్చు. అమెరికాలో 1978లో ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం సడలించారు గానీ స్పిరిట్‌కి ఆ సడలింపు ఇవ్వలేదు. ఇక్కడ మా డిస్టిలరీలో స్పిరిట్ గదికి రెండు తాళాలుండేవి. ఒకటి ఎక్సైజు వాళ్లది, ఒకటి మాది. ఇద్దరూ వచ్చి తీస్తే తప్ప ఒక్క లీటరు బయటికి వచ్చేది కాదు. మీ వ్యాసంలో ఈ విషయం ఒక్క వాక్యమైనా లేదు.

ఇక విషం మాట. గింజలు పులియబెట్టిన ఊటలో మిథనాల్ అనే విషపు ఆల్కహాలు చాలా కొద్దిగా పుడుతుంది. అది ఎక్కువగా వచ్చేది పండ్లలో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థం నుంచి. మరి జనం ఎందుకు చనిపోతున్నారంటే, కల్తీ చేసేవాళ్లు ఫ్యాక్టరీల్లో వాడే మిథనాల్‌ని తెచ్చి సారాలో కలుపుతున్నారు కాబట్టి. 2008 మేలో మన బెంగళూరు చుట్టుపక్కల, పక్కనే తమిళనాడులో 150 మందికి పైగా పోయారు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా పోయారు. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మనం తాగే ఆల్కహాలు 78.4 దగ్గర మరుగుతుంది కాబట్టి మొదటిది ముందే వెళ్లిపోతుందని అందరూ అనుకుంటారు. నీళ్లూ ఆల్కహాలూ కలిసి ఉన్నప్పుడు అలా విడివిడిగా పోవు. మిథనాల్ మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. మొదటి ధారలో ఎక్కువగా ఉండేవి గోళ్ల రంగు వాసన వేసే ఇథైల్ ఎసిటేట్, ముక్కుకి ఘాటుగా తగిలే ఎసిటాల్డిహైడ్. వాటిని తీసేసేది రుచి కోసం, వాసన కోసం. దానివల్ల మిథనాల్ పోదు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మా వాడు ఫోన్‌లో ఇంకో మాట కూడా అన్నాడు. "ఊట పులియడానికి వారం పడుతుంది పిన్నీ. ముందు ప్రాక్టీసుకి హార్డ్‌వేర్ షాపులో స్పిరిట్ తెచ్చి మళ్లీ కాస్తే శుభ్రమైపోతుంది కదా, మొదటిది పారబోస్తాం కదా" అన్నాడు. నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ స్పిరిట్‌లో తాగకుండా ఉండాలనే విషం కలుపుతారు, చాలాసార్లు కలిపేది మిథనాలే. ఎన్నిసార్లు కాచినా అది వంటింటి పాత్రలో విడిపోదు. ముందు పోయేది కంటిచూపు. "నాయనా, ఆ సీసా ముట్టుకోవద్దు, నేను వస్తున్నా" అని ఆటో ఎక్కి వెళ్లాను.

వాడి వంటగది చూశాక నిప్పు గురించి భయం వేసింది. గ్యాస్ పొయ్యి, దాని పక్కనే ఫ్రిజ్జు, ఒకే కిటికీ. అరవై శాతం ఆల్కహాలున్న స్పిరిట్ సుమారు 22 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. అంటే మన ఊళ్లో మామూలు గది వేడి చాలు. గొట్టం అతుకు దగ్గర కొంచెం కారితే ఆ ఆవిరి నేలబారుగా పాకి పొయ్యి మంటని అందుకుంటుంది. వీడియోల్లో చెప్పే మరుగు డిగ్రీలు కూడా ఇక్కడ సరిపోవు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, మన దగ్గర నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు నేను చెప్పే సంగతి ఇదే.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. మాది నెల్లూరు జిల్లా. 1992లో అక్షరాస్యత తరగతులకి వెళ్లిన ఆడవాళ్లే దూబగుంటలో సారా దుకాణం మూయించారు. వాళ్లకి ముందు నిలిచిన రోసమ్మ పేరు అప్పుడు జిల్లా అంతా తెలిసింది. మా ఊళ్లో సారా కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్లలో మా అమ్మ ఒకతి. అప్పటికి నేను ఇక్కడ ఉద్యోగంలో చేరి మూడేళ్లు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చిన రోజు అమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, చాలా సంతోషంగా మాట్లాడి, చివర్లో, "నువ్వు అక్కడ చేసేది కూడా సారానే కదమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక, "నేను చేయను, కొలుస్తాను. దాంట్లో ఏముందో ఉన్నదున్నట్టు రాస్తాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే సరిగ్గా రాయి" అంది. ముప్పై మూడేళ్లూ ప్రతి రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చేది. మీ వ్యాసంలో తప్పు కనిపించినప్పుడు ఊరుకోలేకపోయింది కూడా అందుకే.

అలాగని ఈ విద్య మీద నాకు చిన్నచూపు లేదు. విస్కీ కాయడంలో మన ఇళ్లలో అందరికీ తెలిసిన సగం ఒకటుంది, అది ధాన్యం సగం. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టి బిడ్డలకి జావ కాచిపోస్తాం. బార్లీతో మాల్టు చేసేదీ అదే పద్ధతి. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిని చక్కెరగా మారుస్తుంది. మొలక రాగి జావ పలచగా, కాస్త తియ్యగా ఉండేది దానివల్లే. స్కాట్లాండ్‌లో గ్రెయిన్ విస్కీ అంటే గోధుమో మొక్కజొన్నో ఉడికించి, అందులో కొంచెం మాల్టు బార్లీ కలిపి చేసేది. 1830లో ఈనియస్ కాఫీ అనే ఆయన పేటెంటు తీసుకున్న నిలువు గోపురం లాంటి బట్టీ వచ్చాక అది చవకగా, ఆగకుండా తయారవడం మొదలైంది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మేదాంట్లో చాలాకాలం ఎక్కువగా ఉండేది ధాన్యం కాదు, మొలాసిస్, అంటే చక్కెర మిల్లులో మిగిలే మడ్డితో కాచిన స్పిరిట్. ఈమధ్య నూకలతో, మొక్కజొన్నతో కాచే స్పిరిట్ పెరిగింది. యూరప్‌లోనైతే ధాన్యంతో కాచి, 700 లీటర్లకు మించని చెక్క పీపాలో కనీసం మూడేళ్లు ఉంచితే తప్ప దాన్ని విస్కీ అనడానికి వీల్లేదు.

మా వాణ్ణి ఆ శనివారం మత్తికెరెలో మా ఇంటికి రమ్మన్నాను. రెండు కిలోల బార్లీ మేడ మీద మొలకెత్తించాం. నాలుగు రోజులు పూటపూటకీ వాడే వచ్చి చేత్తో తిరగేశాడు, లేకపోతే వేర్లు చిక్కుపడి వేడెక్కుతాయి. ఎండబెట్టి, మిక్సీలో రవ్వగా పట్టి, 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచాం. మొదట్లో ఒక చుక్క తీసి టింక్చర్ అయోడిన్ వేస్తే నల్లటి నీలం వచ్చింది. ప్రతి పదిహేను నిమిషాలకీ ఒక చుక్క పరీక్ష చేశాం. నాలుగోసారి అయోడిన్ రంగు మారకుండా అలాగే ఉండిపోయింది. పిండి మొత్తం చక్కెరైపోయిందన్నమాట. వడగట్టి గ్లాసులో పోసిస్తే తాగి, "పిన్నీ, ఇంత తీపా! మనం చక్కెర వెయ్యలేదు కదా" అన్నాడు. అక్కడితో ఆపేశాం. పులియబెట్టే ఈస్టు వెయ్యలేదు.

రెండో సగం చెక్క. మీ వ్యాసంలో దీనికి నాలుగు వాక్యాలే ఇచ్చారు, అది నాకు బాధగా ఉంది. బట్టీ నుంచి దిగిన స్పిరిట్‌కి రంగు ఉండదు. రంగంతా, రుచిలో చాలా భాగం ఓక్ పీపా నుంచి వస్తుంది. పీపా లోపల కాల్చిన బొగ్గు పొర గంధకం వాసనల్ని లాగేస్తుంది. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం నుంచి వెనిలా వాసన, ల్యాక్టోన్లు అనేవాటి నుంచి కొబ్బరి వాసన వస్తాయి. దానికి కాలం కావాలి, వేడి కూడా కావాలి. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి రెండు శాతం దాకా ఆవిరైపోతుంది, దాన్ని వాళ్లు దేవతల వాటా అంటారు. మన బెంగళూరులో ఆ వాటా పది, పన్నెండు శాతం. 1948లో ఇక్కడ మొదలైన అమృత్ డిస్టిలరీస్ 2004లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తమ సింగిల్ మాల్టు, అంటే ఒకే డిస్టిలరీలో మాల్టు బార్లీతోనే చేసిన విస్కీ, విడుదల చేసింది. 2013లో ఎనిమిదేళ్లు మాగిన విస్కీ తెచ్చినప్పుడు దానికి ఆశపోతు దేవతలు అనే అర్థం వచ్చేలా గ్రీడీ ఏంజెల్స్ అని పేరు పెట్టింది. నేను పనిచేసింది అక్కడ కాదు, అయినా ఈ ఊరి ఎండకి ఒక విలువ ఉందని వాళ్లు చూపించినందుకు గర్వంగా ఉండేది.

ఈ మాగబెట్టే పని మాత్రం ఇంట్లో చేసుకోవచ్చు. పన్ను కట్టిన విస్కీ కొని, బిల్లు దాచిపెట్టి, ఇంట్లో ఉంచుకోవడానికి ప్రభుత్వం పెట్టిన పరిమితి దాటకుండా, చిన్న ఓక్ పీపాలో పోసుకోవడం. రిటైరైనప్పుడు నేనొక లీటరున్నర పీపా కొనుక్కున్నాను, రెండు సీసాలు సరిగ్గా పడతాయి. మొదట దాన్ని మూడు రోజులు నీళ్లతో నింపి ఉంచాలి. ఎండిన పలకలు ఉబ్బి, ఇనుప కట్ల కింద బిగిసేదాకా కారుతూనే ఉంటుంది. పెద్ద పీపా 200 లీటర్లుంటుంది. దాంతో పోలిస్తే నా పీపాలో ఒక్కో లీటరుకి తగిలే చెక్క అయిదు రెట్లు ఎక్కువ. అందుకని ఏళ్లు అక్కర్లేదు, వారాల్లో చెక్క రుచి ఎక్కుతుంది. ఎక్కువ రోజులు మరిచిపోతే కరక్కాయ నమిలినట్టు వగరైపోతుంది కూడా. నేను ఫిబ్రవరి 1న పోశాను. వారానికొకసారి ఒక చెంచా తీసి, సమానంగా నీళ్లు కలిపి, వాసన చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండో వారం పచ్చి చెక్క. నాలుగో వారం వెనిలా, లవంగం. ఆరో వారం ఎండుఖర్జూరం. ఎనిమిదో వారానికి వగరు మొదలైంది, సీసాలోకి తీసేశాను. 1,500 మిల్లీలీటర్లలో 1,310 మిగిలింది. కొంత పలకలు తాగాయి, కొంత గాలి తీసుకుంది. రెండోసారి పోసినప్పుడు అదే రుచికి పద్నాలుగు వారాలు పట్టింది. అందరూ తాగాలని నేను చెప్పడం లేదు, మా ఇంట్లో నేను తప్ప ఎవరూ ముట్టరు. ఈ హాబీ మీద మనసున్నవాళ్లకి ఓపిక పట్టడానికి, గమనించడానికి, రాసిపెట్టుకోవడానికి కావలసినంత పని ఇందులో ఉందని చెబుతున్నాను.

మీకు నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో మూడు విషయాలు వేయండి. ఇంట్లో స్పిరిట్ కాయడం ఇక్కడ నేరం. మొదటి ధార పారబోసినా మిథనాల్ పోదు. షాపుల్లో దొరికే పారిశ్రామిక స్పిరిట్ కాచినా, వడగట్టినా తాగడానికి పనికిరాదు. స్థలం లేకపోతే ఈ ఉత్తరంలో మిగతాదంతా తీసేసి ఆ మూడే వేయండి.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. ఈ ఊళ్లో అక్కడికక్కడే బీరు చేసి అమ్మే మైక్రోబ్రూవరీలకి అనుమతిచ్చి పదేళ్లు దాటింది. అక్కడ బీరు ఎలా పులుస్తుందో గాజు గోడ వెనక నిలబడి చూడొచ్చు. స్పిరిట్ మీద ఆసక్తి ఉన్న పిల్లలకి కూడా లైసెన్సున్న చోట, తెలిసినవాళ్ల పర్యవేక్షణలో నేర్చుకునే దారి ఒకటి తెరవండి. నేర్పమంటే నేను జీతం లేకుండా వస్తాను.

రాగి పాత్ర ఆర్డర్ మా వాడు రద్దు చేశాడు. ఆ డబ్బుతో ఒక చిన్న పీపా కొన్నాడు. పలకలు ఉబ్బేదాకా బకెట్‌లో పెట్టి మూడు రోజులు కాపలా కాశాడు. ఇవాళ పంతొమ్మిదో రోజు. పొద్దున్నే ఫోన్ చేసి, "పిన్నీ, ఇంకా పచ్చి చెక్క వాసనే వస్తోంది, ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు. తేదీ రాసి పెట్టుకోమన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్టు,
మత్తికెరె, బెంగళూరు