మన మగ్గం చప్పుడు పంపిస్తున్నా

భూదాన్ పోచంపల్లి
ఆగస్టు 11

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి నేత పని మీద నువ్వు కాలేజీకి తీసిన సినిమా గురించి చెప్పాలనుకున్న మంచి మాటలన్నీ లోపలే ఉండిపోయాయి, దాని పోస్టర్ మీద కోపం మాత్రం బయటికి వచ్చేసింది. నువ్వు "సరే అమ్మా" అని రెండుసార్లు అన్నావు. అలా అన్నావంటే ఏడుపు ఆపుకుంటున్నావని నాకు తెలుసు. ఫోన్ చేస్తే మళ్ళీ గొంతు పెంచుతానేమోనని భయం. అందుకే కండెలు చుట్టే పని పక్కన పెట్టి ఇది రాస్తున్నా.

ముందు సినిమా సంగతి చెప్తాను. ఆగస్టు 7న, చేనేత దినోత్సవం నాడు, మీ కాలేజీ హాల్లో లైట్లు ఆర్పినప్పుడు నా గుండె దడదడలాడింది. పరువు పోతుందేమోనని టెన్షన్. పన్నెండు నిమిషాలయ్యాక లైట్లు వేస్తే, అప్పుడే అయిపోయిందా అనిపించింది.

నాన్న రాత్రిపూట చిటికీ కట్టే చోటు, అదే, నేయకముందే దారంలో రంగు అంటకూడని చోట కట్టు కట్టేది, నా కళ్ళ ముందే ఉంది. సైకిల్ ట్యూబులోంచి కోసిన సన్నని రబ్బరు పట్టీ, ఒక కొస పళ్ళ మధ్య, ఇంకో కొస దారాల కట్ట చుట్టూ. బిగించి, ముడేసి, తల వంచి, గీసిన గీతకు సరిపోయిందో లేదో చూసుకుని, మళ్ళీ ఇంకో పట్టీ తీసుకుంటారు. అక్కడ నువ్వు మాట పెట్టలేదు, పాట పెట్టలేదు. మా పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఆయన పక్కనే కూర్చుని నేనూ కడతాను, కానీ ఆయన ముఖం అలా ఉంటుందని ఎప్పుడూ చూడలేదు. పని మధ్యలో తల ఎత్తే తీరిక ఎక్కడిది?

మొదటి రోజు గుర్తుందా? స్టాండు మీద కెమెరా పెట్టి "చెప్పు నాన్నా" అంటే, "చెప్పడానికేముంది" అని ఊరుకున్నారు. రెండోసారి వచ్చినప్పుడు నువ్వు ఆ స్టాండు తెరవనేలేదు. మగ్గం గుంట పక్కన గోనెసంచి మీద కెమెరా పెట్టి, నువ్వు కూడా కిందే కూర్చున్నావు. నేస్తూ నేస్తూ ఆయనే మొదలుపెట్టారు. పేక, అంటే అడ్డ దారం, వేసిన ప్రతిసారీ దాన్ని గోటితో రవ్వంత జరపాలని, లేకపోతే చీర మీది చిలక బొమ్మ ముక్కు పక్కకు పోతుందని. నాకైతే అది మీ నాన్న కూతురితో మాట్లాడుకున్నట్టే ఉంది, సినిమాలా లేదు.

ఇంకొకటి నేను నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. మూడోసారి వచ్చినప్పుడు నేను అప్పు సంగతి మాట్లాడి ఏడ్చాను కదా. ఆ రాత్రే తీసేయమని అడిగాను. సినిమా మొత్తంలో అదే గట్టి సీను అని మీ సార్ అన్నారని చెప్పావు, అయినా తీసేశావు. ఆ అప్పు ఇచ్చినాయన ఇంటికి పోయిన వారమే పట్టు కోసం వెళ్ళాను. ఆ మాటలు సినిమాలో ఉండి ఉంటే ఏ మొహం పెట్టుకుని వెళ్ళేదాన్ని? నువ్వు అక్కడ అమ్మను చూశావు. ఎప్పటికీ మరచిపోను.

ఇక నాయనమ్మ ఆసు, చిటికీ కట్టే ముందు పేక దారాన్ని పేర్చుకునే పని. ఎవరికైనా చూపించదగ్గ భాగం అది. అర్ధచంద్రంలా పేర్చిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి, నాలుగైదు గంటల పని. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు చేత్తోనే చేసేవాళ్ళం. రాత్రయితే నాయనమ్మా నేనూ ఒకరి భుజానికి ఒకరం నూనె రాసుకునేవాళ్ళం. చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ పడే ఆ నొప్పి చూడలేకనే ఏళ్ళ తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి వాళ్ళమ్మ లక్ష్మి పేరే పెట్టుకున్నారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మన ఇంటికి ఆ యంత్రం వచ్చాక నాయనమ్మ చేత ఆసు పోయించడం మానేశాం.

నీకు చేత్తో పోసే ఆసు చూపించాలని ఉంటే, అటక మీది పాత చట్రం దింపి నాయనమ్మను ఒక పూట కూర్చోబెట్టాం. నువ్వు సినిమాలో అక్కడ ఒక వాక్యం వేశావు: "ఇప్పుడు ఈ ఇంట్లో ఆసు యంత్రం మీద పోస్తున్నారు. ఇది చూపించడానికి చేసింది." ఆ వాక్యం చదివి నాన్న నా చెయ్యి నొక్కారు.

ట్రైలర్‌లో ఆ వాక్యం లేదు బిడ్డా.

నాయనమ్మ చెయ్యి అటూ ఇటూ ఆడుతుంది, ముడతలు పడిన ముఖం దగ్గరగా వస్తుంది, ఏడుపు సంగీతం వస్తుంది, అయిపోతుంది. ఒక్క నిమిషం. మర్నాడు పొద్దున నీళ్ళ దగ్గర ఒకామె అందరిలో అడిగింది: "ముసలామెతో ఇంకా ఆసు పోయిస్తున్నారా?" నాకు నోట మాట రాలేదు. సినిమా చూసుంటే ఆమె ఆ మాట అనేది కాదు. కానీ సినిమా చూసింది ఆ హాల్లో కూర్చున్నవాళ్ళే. ట్రైలర్, పోస్టర్ వాట్సాప్‌లో ఊరంతా తిరిగాయి. మీ మేనమామ సూరత్‌లో చూశాడు. వాళ్ళందరికీ నీ సినిమా అంటే ఆ ఒక్క నిమిషమే.

నాయనమ్మకు ఈ సంగతి చెప్పలేదు. తను సినిమాలో ఉన్నానని వీధంతా చెప్పుకుని మురిసిపోతోంది.

పోస్టర్ గురించి మొన్న అరిచాను, ఇప్పుడు నిదానంగా చెప్తాను. దాని మీద నా చేతులు వేశావు. ముడతలు నిజమే, కాయలు నిజమే. కానీ ఫోటోను నలుపు తెలుపు చేసేశావు. నువ్వు ఆ ఫోటో తీసిన రోజు ఎర్ర రంగు అద్దకం చేశాను, గోళ్ళ సందుల్లో ఎరుపు అలాగే ఉంది. అది పోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, నీ కంప్యూటర్‌లో ఒక్క క్షణంలో పోయింది. ఇల్లంతా రంగులున్న మనల్ని రంగు లేకుండా చూపిస్తే, చూసేవాళ్ళకు మనం ఎలా తెలుస్తాం?

చుట్టూ వేసిన అంచు డిజైన్ కూడా మనది కాదు. ఎక్కడి నుంచో దింపుకున్నావు కదా? గీసినట్టు పదునుగా ఉంది. చిటికీ కట్టిన దారంలో రంగు కట్టు కిందికి కాస్తయినా పాకుతుంది, నేసేటప్పుడు వెంట్రుకవాసి జరుగుతుంది, అందుకే మన బొమ్మ అంచు ఈకలా చెదిరి ఉంటుంది. ఆ చెదురే మన గుర్తు. ఈ నేత మన ప్రాంతానిదేనని 2005లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినా, ప్రింటు గుడ్డలు మన పేరుతో అమ్ముతూనే ఉన్నారు. కొనేవాళ్ళకు మేం చెప్పేది ఇదే: అంచు చూడండి, వెనక్కి తిప్పి చూడండి, రెండు వైపులా ఒకేలా ఉంటే మనది. మన సినిమా పోస్టర్ మీదే ప్రింటు డిజైన్ ఉంటే నాన్నకు ఎలా ఉంటుంది చెప్పు.

అన్నిటికంటే నన్ను గుచ్చింది కింద రాసిన మాట. "అంతరించిపోతున్న కళకు చివరి సాక్షులు." పొద్దున ఏడింటికి మన వీధిలో ఈ కొస నుంచి ఆ కొసకు నడువు. ఎన్ని ఇళ్ళలోంచి చప్పుడు వినిపిస్తుందో నీకు చిన్నప్పటి నుంచి తెలుసు. మేం అంతరించిపోవడం లేదు బిడ్డా, మాకు కూలి గిట్టడం లేదు. ఆ రెండూ ఒకటి కాదు. పోయేదాన్ని చూసి జనం అయ్యో అంటారు, ఒక ఫోటో తీసుకుంటారు. గిట్టడం లేదని తెలిస్తే కనీసం ఒక్కరైనా చీర ధర ఎందుకంత అని అడగడం మానేస్తారు. నీ సినిమాలో నాన్న ఆ లెక్క చెప్పనే చెప్పారు: పట్టుకు ఎంత, రంగుకు ఎంత, ఇద్దరం ఎన్ని రోజులు కూర్చుంటే ఎంత మిగులుతుందో. నువ్వే అడిగి చెప్పించావు. ఆ లెక్కలోంచి ఒక్క ముక్క తీసి పోస్టర్ మీద రాసినా సరిపోయేది.

మన ఊరికి కెమెరాలు కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చి కూర్చుంటే వెదిరె రామచంద్రారెడ్డి గారు భూమి లేనివాళ్ళకు వంద ఎకరాలు ఇస్తానన్నారు, అప్పటి నుంచి మన ఊరిని చూడటానికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామమని ఎంపిక చేసింది, మంచిదే. వచ్చినవాళ్ళలో చాలామందికి చీకటి గది కావాలి, ముసలి ముఖం కావాలి, "కొంచెం అటు చూడండమ్మా, నవ్వకండి" అంటారు. నువ్వు నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా మమ్మల్ని నవ్వొద్దని అనలేదు. అందుకే పోస్టర్ చూసినప్పుడు, ఇది నా బిడ్డ చేసింది కాదు, వాళ్ళెవరో చేసింది అనిపించింది.

సినిమాకు నాలుగు నెలలు పట్టిందని, పోస్టర్, ట్రైలర్, రేడియో ప్రకటన మూడూ కలిపి నాలుగు రోజుల్లో ముగించామని చెప్పావు. మార్కులకు గడువు ఉంటుంది, నేనేం తప్పు పట్టను. కానీ మన పనిలో చూడు. చీర మడత పెట్టినప్పుడు కొంగు పైకి వచ్చేట్టు పెడతాం. కొనేవాళ్ళు మొదట చూసేది అదే. అలాగని కొంగుకు ఒక పట్టు, లోపలికి ఇంకో పట్టు వేస్తామా? వేస్తే మోసం అంటాం. నీ విషయంలో లోపల మేలిమి పట్టు ఉంది, కొంగుకే తక్కువ రకం వేశావు. నా బాధ అదే.

రేడియో ప్రకటన కూడా విన్నాం. నీ గొంతు చాలా బాగుంది. నాన్న కళ్ళు మూసుకుని విని, "ఇది పవర్‌లూమ్ చప్పుడు" అన్నారు. నేనూ మళ్ళీ విన్నాను, నిజమే. టకటకటకటక అని ఊపిరి తీసుకోకుండా పోతోంది. మన మగ్గం అలా మోగదు కదా. ఒక దెబ్బ, ఆగుతుంది, ఆయన గోటితో దారం జరుపుతారు, మళ్ళీ ఒక దెబ్బ. ఆ ఆగడంలోనే చిలక ముక్కు సరిపోతుంది. మమ్మల్ని పనిలోంచి తోసేస్తున్న చప్పుడే మా పేరుతో వినిపిస్తే ఎట్లా? నీకు తెలియక పెట్టావని నాకు తెలుసు. షూటింగప్పుడు ఫ్యాను మోత వల్ల మన మగ్గం చప్పుడు పాడైందని నువ్వే అన్నావు.

అందుకే నిన్న తెల్లవారుజామున ఐదింటికి లేచాం. ఫ్యాన్లు ఆపేసి, పక్కింటి పిల్లవాడి ఫోన్ మగ్గం గుంటలో, నాన్న కాళ్ళ దగ్గర పెట్టి రికార్డు చేశాం. ఏడు నిమిషాలు వచ్చింది. మొదట్లో కోడి కూస్తుంది, నడుమ నాయనమ్మ దగ్గుతుంది. వాట్సాప్‌లో ఈ రాత్రి పంపిస్తాడట. ఈ ఉత్తరంతో పాటు కవర్లో జానెడు గుడ్డ ముక్క కూడా పెడుతున్నా, పోయినేడాది చీరలో మిగిలిన అతుకు ముక్క. దాన్ని వెలుతురులో పెట్టి ఫోటో తీసుకో, అంచు డిజైన్‌కు పనికొస్తుంది.

కాలేజీ పోటీకి పంపడానికి ఇంకా మూడు వారాలు గడువుందని అన్నావు. వీలైతే పోస్టర్ ఇంకొకటి చెయ్యి. నా చేతులే ఉండనీ, గోళ్ళలో ఎరుపుతో సహా. ట్రైలర్‌లో నాయనమ్మ కింద ఆ ఒక్క వాక్యం వెయ్యి. కుదరకపోతే ఆ ముక్క తీసి నాన్న చిటికీ కట్టేది పెట్టు, దానికి ఏ వివరణా అక్కర్లేదు.

హాస్టల్లో రాత్రులు మేలుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటున్నావని నీ స్నేహితురాలు చెప్పింది. కళ్ళు జాగ్రత్త. పెసరట్టు పిండి కలిపే పొడి పంపుతున్నా, సంచిలో కింద ఉంది. కొత్త పోస్టర్ రెండు కాపీలు తీయించు. ఒకటి నాన్న మగ్గం ఎదురు గోడకు కావాలంటున్నారు, మేకు కొట్టి ఉంచారు.

మీ అమ్మ