హెచ్ఐవీ నివారణ: మాన్యువల్ సరే, నడిపే మనిషి ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎయిడ్స్ దినం సందర్భంగా మీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఏడాదికి రెండు ఇంజెక్షన్లతో హెచ్ఐవీ సోకకుండా ఆపే లెనకపవిర్ మందు గురించి చాలా ఉత్సాహంగా రాశారు. రాయాల్సిన విషయమే. 2024లో బయటపెట్టిన ట్రయల్ ఫలితాల్లో, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికి కూడా హెచ్ఐవీ రాలేదు. ఇలాంటి ఫలితం నా జీవితంలో చూస్తాననుకోలేదు. అయితే వ్యాసం చివర్లో ‘ఇక దీన్ని ప్రజలకు చేర్చడమే మిగిలింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు, నాకు అక్కడే మనసు చివుక్కుమంది. ఆ మిగిలిన పనే నేను తొమ్మిదేళ్లు చేశాను, ఒక చిన్న కమ్యూనిటీ ఆరోగ్య సంస్థలో, మొదట ఫీల్డులో తిరుగుతూ, తర్వాత కౌన్సెలర్‌గా. ‘చేర్చడమే’ అనేంత చిన్న పని కాదండీ అది.

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ లెక్క ప్రకారం 2024లో ప్రపంచం మొత్తమ్మీద కొత్తగా 13 లక్షల మందికి హెచ్ఐవీ సోకింది. 2020 నాటికే ఈ సంఖ్యను 5 లక్షల లోపుకి దించాలని దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. కండోమ్ పనిచేస్తుందని ఎప్పటినుంచో తెలుసు. సూదులతో డ్రగ్స్ తీసుకునేవాళ్లకు శుభ్రమైన సూదులు అందిస్తే వైరస్ పాకడం తగ్గుతుందని తెలుసు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డ్రగ్స్ వాడేవాళ్ల సంఘమే 1984లో సూదుల మార్పిడి మొదలుపెట్టింది. వైరస్ ఉన్న మనిషికి తొందరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకే ప్రమాదం 96 శాతం తగ్గుతుందని 2011లో తేలింది. మందులు సరిగ్గా వాడి, రక్తపరీక్షలో వైరస్ దొరకనంతగా తగ్గిపోయిన మనిషి నుంచి శృంగారం ద్వారా సోకదని 2019 కల్లా ఖాయమైంది. ఇన్ని తెలిసీ ఏడాదికి 13 లక్షలంటే, లోపం ల్యాబులో లేదన్నమాట.

నేను ట్రైనింగుల్లో ఎప్పుడూ చెప్పే సంగతి ఒకటుంది. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5 వేల మందికి పైగా మహిళలతో వాయిస్ అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది. ప్రెప్, అంటే వైరస్ లేనివాళ్లు ముందుజాగ్రత్తగా వాడే మందు, మాత్రగానో జెల్‌గానో రోజూ వాడితే హెచ్ఐవీ రాకుండా ఉంటుందా అని చూశారు. క్రమం తప్పకుండా వాడుతున్నామని ఎక్కువమంది చెప్పారు, డబ్బాల్లో మిగిలినవి లెక్కపెట్టినా అలాగే అనిపించింది. తీరా రక్తం పరీక్ష చేస్తే మందు ఆనవాలు దొరికిన శాంపిళ్లు మూడో వంతు కూడా లేవు. మాత్రలో దోషం లేదు, వేసుకున్నవాళ్లను అదే మాత్ర వేరే ట్రయళ్లలో బాగానే కాపాడింది. తర్వాత ఆ మహిళలతో తీరిగ్గా కూర్చుని మాట్లాడితే అసలు సంగతులు బయటికొచ్చాయి. డబ్బా ఎవరి కంటనైనా పడితే తమకు హెచ్ఐవీ ఉందనుకుంటారని భయం. ఏ జబ్బూ లేనిదాన్ని నాకు మందెందుకన్న అనుమానం. ఇలాంటి మాటలు క్లినిక్‌లో తెల్లకోటు ముందు కూర్చున్నప్పుడు నోటికి రావు. తమలాంటి మనిషి, తమ వీధిలోనే ఉండే మనిషి, ఏ పనీ లేనట్టు పక్కన కూర్చుంటే వస్తాయి. కమ్యూనిటీ సంస్థ చేసే పని అదే, దాన్ని ఏ రిపోర్టు ఫారంలోనూ రాసుకునే గడి లేదు.

ఇక ‘రుజువైన కార్యక్రమాలు’ అని మీరు రాసిన మాట గురించి. అమెరికాలో జెఫ్రీ కెల్లీ అనే సైకాలజిస్టు బృందం ఒక పద్ధతి తయారుచేసింది, 1991లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. చిన్న ఊళ్లలో గే బార్లలో పనిచేసేవాళ్లను పట్టుకుని, ఇక్కడికొచ్చేవాళ్లలో ఎవరి మాట నలుగురూ వింటారో చూసి చెప్పమన్నారు. అలా తేలినవాళ్లకు శిక్షణ ఇచ్చారు. ఉపన్యాసాలేమీ లేవు, మామూలు కబుర్ల మధ్యలో ‘నేనైతే కండోమ్ లేకుండా ఒప్పుకోను’ అన్న మాట సహజంగా ఎలా తేవాలో నేర్పించారు, అంతే. రిస్కు తగ్గింది. తర్వాత 8 నగరాల్లో ఇంకా గట్టిగా పరీక్షించినా పనిచేసిందని 1997లో చెప్పారు. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇలాంటి పద్ధతులన్నిటినీ ఏరి, ప్యాకేజీలుగా కట్టి, ట్రైనింగులిచ్చి సంస్థల చేతికిచ్చింది. మంచి ఆలోచనే.

కానీ లండన్‌లో ఇలాంటి పద్ధతినే గే పురుషులు వచ్చే జిమ్ముల్లో పెట్టి చూస్తే తేడా ఏమీ కనిపించలేదని 2001లో రాశారు. పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తమలాంటివాళ్లకు తామే చెప్పే మనుషులుగా, ముందుకొచ్చినవాళ్లే తక్కువ, వచ్చినవాళ్లకు జిమ్‌లో ఆ మాట ఎత్తడమే కష్టమైంది. బార్‌లో గ్లాసు పట్టుకుని చెప్పే మాట బరువులెత్తుతూ రొప్పుతున్న మనిషితో ఎలా చెప్తారు, నాకైతే ముందే తోచేది! ఆ తర్వాత చైనా, ఇండియా, పెరూ, రష్యా, జింబాబ్వేల్లో ఒకేసారి ఇంకో పెద్ద ట్రయల్ చేశారు. అక్కడ ఈ కార్యక్రమం పెట్టిన చోట్లా, పెట్టని చోట్లా రిస్కు తగ్గింది, రెండిటికీ పెద్ద తేడా లేదు. పెట్టని చోట్ల కూడా పరీక్షలు, చికిత్స, సమాచారం అందాయి కదా, దాని ప్రభావం కావచ్చు. ఇది చూసి పీర్ ఎడ్యుకేషన్ దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒకచోట రుజువైందంటే అన్నిచోట్లా తాళం తీసే చెవి దొరికినట్టు కాదు, అంతవరకే ఒప్పుకుంటాను.

పైగా ఆ కెల్లీ పద్ధతిలో ఒక ముఖ్యమైన నియమం ఉంది. చేరుకోవాల్సినవాళ్లలో కనీసం 15 శాతం మందికి ట్రైనింగ్ ఇవ్వాలి, అప్పుడే ఎటు తిరిగినా ఆ మాట చెవిన పడుతుంది, ‘అందరూ ఇలాగే అనుకుంటున్నారు’ అనిపిస్తుంది. మా సంస్థకూ ఒకసారి ఇదే పద్ధతి ఇచ్చారు. మేం చేరుకోవాల్సినవాళ్లు దాదాపు నాలుగు వందల మంది. అంటే అరవై మందిని తయారుచేయాలి. బడ్జెట్లో ఉన్నది ఎనిమిది మందికి. అడిగితే, ముందు మొదలుపెట్టండి చూద్దాం అన్నారు. మొదలుపెట్టాం. ఏడాది తిరిగాక ‘ఆశించిన ప్రభావం లేదు’ అని ఎవరో వచ్చి రాసుకుపోయారు. నాలుగు బారల తాడు కావాల్సిన బావిలోకి అర బార తాడు వదిలి, ఇందులో నీళ్లు లేవన్నట్టుంది.

ఇందులో మా తప్పూ ఉంది, అదీ చెప్పాలి. ఇంకో కార్యక్రమంలో వారానికొకటి చొప్పున ఏడు సెషన్లు పెట్టాలి. మా దగ్గరకొచ్చేవాళ్లలో సగం మంది రాత్రి పని చేసి పగలు పడుకునేవాళ్లు. మొదటి వారం పద్నాలుగు మంది వచ్చారు, మూడో వారానికి ఐదుగురు మిగిలారు. ఏడూ పూర్తి చేసినవాళ్ల సంఖ్య టార్గెట్‌కి తగ్గితే తర్వాతి విడత డబ్బు ఆగిపోతుందని ఆఫీసులో ఒకటే టెన్షన్. మూడో వారం వచ్చినవాళ్ల చేతే ఏడో వారం గడిలో కూడా సంతకాలు పెట్టించేశాం. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఏడు వారాల పనిని రెండు పెద్ద రోజుల్లోకి సర్దవచ్చా, ఏ భాగం తీసేస్తే మొత్తం పద్ధతే చచ్చిపోతుంది, ఏ భాగం మార్చినా పర్వాలేదు అని అడుగుదామంటే, అడగడానికి ఒక మనిషి లేడు. ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు రెండు రోజులుండి వెళ్లిపోయారు. డబ్బిచ్చేవాళ్లు ‘మాన్యువల్ ప్రకారం చేయండి’ అంటారు, మాన్యువల్ ఎవరి జీవితాన్ని చూసి రాశారో వాళ్లు మా వాళ్లు కారు.

ఇప్పుడు అనుభవం మీద నాకు అర్థమైంది ఇది. కథలో పేర్లు, బొమ్మలు, టైము, చోటు, భాష, ఇవన్నీ మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. భాగస్వామితో కండోమ్ మాట ఎలా ఎత్తాలో నోటితో పలికించి, తప్పు పలికితే మళ్లీ పలికించే ప్రాక్టీసు ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం తీసేయకూడదు. టైము లేనప్పుడు అందరూ మొదట కోసేది దాన్నే, ఎందుకంటే అదే ఇబ్బందిగా ఉంటుంది. పాంప్లెట్ చదివి వినిపించడం ఎవరికైనా తేలిక.

కలకత్తాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచి పేటలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పని గురించి అందరూ చెప్తారు. సెక్స్ వర్కర్లే పీర్ ఎడ్యుకేటర్లు, ఇంతవరకు అందరూ కాపీ కొట్టారు. కానీ అక్కడి ఆడవాళ్లు ఆరోగ్యం ఒక్కటే మాట్లాడలేదు. 1995 కల్లా దర్బార్ అనే సొంత సంఘం పెట్టుకున్నారు, సొంత సహకార సంఘంలో డబ్బు దాచుకున్నారు. చేతిలో నాలుగు రూపాయలున్న మనిషి కండోమ్ వద్దన్న విటుణ్ణి వెనక్కి పంపగలదు, లేని మనిషి పంపలేదు. కాపీ కొట్టినవాళ్లలో చాలామంది పీర్ ఎడ్యుకేటర్ చేతికి కండోముల సంచీ ఇచ్చి, ఆ సంఘం, పొదుపు సంగతి వదిలేశారు.

డబ్బు విషయం. 2021లో ఐక్యరాజ్యసమితిలో దేశాలు ఒక ప్రకటన చేశాయి. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లకు అందే నివారణ సేవల్లో 80 శాతం, 2025 కల్లా కమ్యూనిటీలు నడిపే సంస్థల ద్వారానే అందాలని. వినడానికి ఎంత బాగుందో! ఆ 2025 జనవరిలోనే అమెరికా విదేశీ సాయం ఒక్కసారిగా నిలిపేసింది. ప్రాణాలు కాపాడే సేవలని తర్వాత కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు, అందులో ప్రెప్ గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రమే. గే పురుషులు, సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, సూదులతో డ్రగ్స్ తీసుకునేవాళ్లు, అంటే ఎవరికి అందే సేవల గురించి ఆ 80 శాతం మాట చెప్పారో వాళ్లే బయట ఉండిపోయారు. బీద దేశాల కథ అనుకోకండి. అమెరికాలోనే ఇండియానా రాష్ట్రం స్కాట్ కౌంటీలో 2015 ప్రాంతంలో సూదుల వల్ల 200 మందికి పైగా హెచ్ఐవీ సోకింది, అత్యవసర పరిస్థితి ప్రకటించి సూదుల మార్పిడి మొదలుపెట్టాక కేసులు బాగా తగ్గాయి. తగ్గాక 2021లో అక్కడి కమిషనర్లు దాన్ని మూసేయాలని ఓటేశారు. వర్షం తగ్గింది కదా అని ఇంటి కప్పు పీకేసినట్టు.

మా స్థాయిలో ఇదే పని ఏడాది కాంట్రాక్టుల రూపంలో జరుగుతుంది. ఫీల్డు మనిషి మీద నమ్మకం కుదరడానికే ఏడెనిమిది నెలలు పడుతుంది. ‘పరీక్ష చేయించుకుంటాను, నువ్వు తోడు వస్తావా’ అని ఎవరైనా అడిగేసరికి ఆ మనిషి కాంట్రాక్టు అయిపోతుంది. కొత్త మనిషి, కొత్త ట్రైనింగ్, మళ్లీ మొదటి నుంచి. అందుకే నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు: ఒక పద్ధతిని సంస్థకు ఇచ్చేటప్పుడు కనీసం మూడేళ్లు, ఐదేళ్లు అవే మనుషులు ఉండేలా జీతాలివ్వండి, ఫోన్ చేస్తే జవాబు చెప్పే ట్రైనర్‌ను పెట్టండి. ఎన్ని కండోములు పంచారని కాకుండా, పోయినేడు వచ్చిన మనిషి ఈ ఏడూ వచ్చాడా అని అడగండి. కండోములు ఎన్నైనా పంచవచ్చు, అట్టపెట్టెతో సహా ఒకే ఇంట్లో దించి లెక్క రాసినవాళ్లను చూశాను.

మీ లెనకపవిర్ దగ్గరికే వస్తాను. మొదటి ఇంజెక్షన్ ఎలాగో వేయిస్తారు, ఫొటోలు కూడా తీసుకుంటారు. ఆరు నెలల తర్వాత రెండోది ఉంటుంది. ఈలోపు ఆ అమ్మాయి ఇల్లు మారుతుంది, సిమ్ మారుతుంది, ఒక్కోసారి పేరు కూడా మారుస్తుంది. మా దగ్గర పనిచేసిన ఒకావిడకు ఎవరు ఎక్కడికి మారారో, ఎవరికి ఏ టైములో ఫోన్ చేస్తే పక్కన మొగుడు ఉండడో, అన్నీ తెలుసు. కాంట్రాక్టు ముగిసిన రోజు ఆఫీసు ఫోన్ తిరిగి ఇచ్చేయమన్నారు, సిమ్‌తో సహా ఇచ్చేసి వెళ్లిపోయింది. దాన్ని డ్రాయర్లో పడేశారు. ఛార్జింగ్ అయిపోయేదాకా రెండు రోజులు అది అలా మోగుతూనే ఉంది, ఎత్తి ఏం చెప్పాలో మాలో ఎవరికీ తెలియలేదు.

నా పేరు వేయకండి. పేరు చూస్తే నాతో పనిచేసినవాళ్లను గుర్తుపట్టేస్తారు.

ఇట్లు,
ఒక మాజీ కౌన్సెలర్