బరంపురం ఆసుపత్రి వార్డులో ఆ మౌసీకి (పిన్నికి), ఇంకా అందరికీ దండాలు

నిన్న సాయంత్రం నాన్నని ఇంటికి తీసుకొచ్చాం. గంజి తాగుతున్నాడు, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. తొమ్మిది రోజులుగా నాకు సరైన నిద్ర లేదు, ఇప్పుడు పడుకుందామన్నా రావట్లేదు, అందుకే రాస్తున్నాను. ఫోన్లు చేసిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి.

మా నాన్న ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో రైసుమిల్లు కళాసీ. వయసంతా బస్తాల కిందే గడిచింది. గజ్జల్లో హెర్నియా (పేగు జారి వచ్చే వాపు) ఉందని నాలుగేళ్ల కిందటే తెలుసు, ఆపరేషన్ చేయించుకోమంటే "పడుకుంటే లోపలికి పోతోంది కదా" అనేవాడు. అసలు కారణం డబ్బేనని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం అది లోపలికి పోలేదు. రాయిలా గట్టిపడింది, వాంతులు మొదలయ్యాయి.

దగ్గర కదా అని ఆంధ్రా వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. నాన్న బల్ల మీద మెలికలు తిరుగుతుంటే కౌంటర్లో మొదట అడిగిన మాట "ఏ కార్డుంది?" అని. కార్డు లేదంటే లక్షా ఇరవై అవుతుంది, ముందు నలభై వేలు కట్టండి అన్నారు. నా దగ్గర ఆరు వేలున్నాయి. రెండు గంటలు అక్కడే పోయాయి.

కార్డు ఎందుకు లేదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. మాది పాతపట్నం వైపు పల్లె, పని కోసం ఇటు వచ్చి పదిహేనేళ్లయింది. ఊళ్లో ఉండట్లేదని అక్కడ బియ్యం కార్డు తీసేశారు, దాంతో ఆరోగ్యశ్రీ పోయింది. ఇక్కడ ఒడిశాలో రేషన్ కార్డుంటే ఉచిత వైద్యానికి ఆయుష్మాన్ కార్డు వస్తుంది, ఆ రేషన్ కార్డు కోసం రెండేళ్లుగా తిరుగుతున్నాం. ఆధార్ ఆంధ్రాది అన్నారు, మార్పించాం. ఇప్పుడు అద్దె కాగితం కావాలంటున్నారు, ఇంటాయన ఇవ్వడు. 70 నిండితే ఆదాయం చూడకుండా 5 లక్షల దాకా వైద్యానికి ఆ కార్డు ఇస్తున్నారు. మా నాన్నకి 67. మూడేళ్లు ఆగి నొప్పి తెచ్చుకోమంటారా? 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు గీసిన సరిహద్దు గీత ఇది, పెళ్లిళ్లకి, పండగలకి, సంతకి ఎప్పుడూ మాకు అడ్డం రాలేదు, కార్డుకే వచ్చింది.

సరే. తిరిగి పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి తెచ్చాం, వాళ్లు కార్డు అడగలేదు. సెలైన్ పెట్టి, ముక్కులోంచి గొట్టం వేసి, 108లో బరంపురం పెద్దాసుపత్రికి పంపించారు. దారిలో అంత నొప్పిలోనూ నాన్న "మన రాజాగారి ఆసుపత్రేనా?" అని అడిగాడు. అవును, ఆ ఆసుపత్రి పేరు ఎం.కె.సి.జి., అంటే మా పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి మహారాజుగారి పేరే. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. పేగు నల్లబడింది గానీ చావలేదు, ఇంకో పూట ఆగితే కొయ్యాల్సి వచ్చేది అన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు అసలు మనిషి గురించి. పక్క మంచం మీద దిగపహండి వైపు నుంచి వచ్చిన ఒకాయన, షుగరుతో కాలి వేలు తీసేశారట. ఆయన భార్యని అందరూ మౌసీ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను, పేరు అడగాలని తట్టనే లేదు. మొదటి రోజు రెండు గుప్పెళ్లు మురీలు (మరమరాలు), ఒక పచ్చిమిరపకాయ నా చేతిలో పెట్టింది, అంతే. రెండో రోజు రాత్రి నేను మందుల కౌంటర్ దగ్గర లైన్లో ఉన్నాను. వచ్చేసరికి చాలా సేపయింది. నాన్న ఒంటి మీద వేరే లుంగీ ఉంది. మంచంలోనే విరేచనం అయిపోయిందట, సిగ్గుతో మొహం గోడకి తిప్పుకుని పడుకుని ఉన్నాడు. మౌసీ ఆయన్ని తుడిచి, తన భర్త లుంగీ కట్టి, దుప్పటి మార్చి, నాన్న లుంగీని తన సబ్బుతో ఉతికి కిటికీ ఊచలకి ఆరేసింది. కూతురినైన నేను కూడా ఆ పనికి ఒక్క క్షణం తటపటాయించేదాన్నేమో. నేనేదో అనబోతే ఆమె తన చాప నా వైపు జరిపి "తు శోయిపడ, ము అఛి" అంది. నువ్వు పడుకో, నేనున్నాను అని. అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు రాలేదు నాకు. ఆ మాటకి ఆ వార్డులో నేల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆమె ఏమీ అడగలేదు, సెలైన్ సీసా వైపు చూస్తూ తెల్లవార్లూ కూర్చుంది. తన భర్త కాలు నొప్పితో మూలుగుతున్నా అటూ ఇటూ ఇద్దరినీ చూసుకుంది.

ఆరో రోజు నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి వాళ్లు డిశ్చార్జి అయి వెళ్లిపోయారు. ఫోన్ నంబరు లేదు. లుంగీ మా దగ్గరే ఉండిపోయింది, నీలం గళ్లది. ఆమెకి తెలుగు రాదు, ఇది చదవదు. అటువైపు చుట్టాలున్న వాళ్లెవరైనా ఆమె గురించి తెలిస్తే నాకు కబురు పెట్టండి.

తమ్ముడు సూరత్ నుంచి డబ్బు పంపాడు, అమ్మ, మా ఆయన పిల్లల్ని చూసుకున్నారు.

మొత్తం మాకైన ఖర్చు తొమ్మిది వేల చిల్లర, అందులో ఎక్కువ తిండికి, రానుపోను ఛార్జీలకే. మందులు ఆసుపత్రిలోని నిరామయ (సర్కారు ఉచిత మందుల) కౌంటర్లో ఊరికే ఇచ్చారు, పరీక్షలకీ పైసా తీసుకోలేదు, బయట కొన్నది పొట్టకి కట్టే బెల్టు ఒక్కటే. ఒడిశాలో సర్కారు ఆసుపత్రికి ఏ కార్డూ అక్కర్లేదని నాకు ముందే తెలిస్తే ఆ రెండు గంటలు పోయేవి కావు. బస్తాలు మోసే నాన్నలున్న వాళ్లు దయచేసి గుర్తుపెట్టుకోండి, వాపు ఉంటే నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చూపించండి.

అయ్యో, మిల్లులో తోటి కళాసీలు తలా రెండొందలు వేసి ఇచ్చారు, అది రాయడం మర్చిపోయాను. వాళ్లకి దండాలు, ఆపరేషన్ థియేటర్ దాకా స్ట్రెచర్ తోసుకుంటూ పరిగెత్తిన ఆసుపత్రి కుర్రాడికి కూడా. నిన్న బస్సులో కుదుపులు తగలకుండా ముందు సీటు ఖాళీ చేయించిన కండక్టరుగారికీ, ఎదురింటి పార్వతక్కకీ, మా మేకకి తొమ్మిది రోజులూ గడ్డి వేసింది ఆవిడే.